చొక్కా ఎటువైపు చిరిగింది?

2024 మార్చి 10న హైదరాబాద్ పంజాగుట్ట పోలీసు స్టేషనులో ఒక ఫిర్యాదు దాఖలైంది. ఫిర్యాదుదారు రాజకీయ నాయకుడు కాదు, బయటి బాధితుడూ కాదు. రాష్ట్ర నిఘా యంత్రాంగంలోని స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో అదనపు ఎస్పీగా ఉన్న డి. రమేశ్. తమ విభాగపు డీఎస్పీ ప్రణీత్ రావు అక్రమంగా కొందరిపై నిఘా ఉంచారనీ, శాసనసభ ఎన్నికల ఫలితాలు వెలువడిన మరునాడు, 2023 డిసెంబరు 4 రాత్రి, సీసీ కెమెరాలను ఆపివేయించి హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారనీ ఆరోపణ. ఆ ముక్కలను మూసీలో పారవేశారని దర్యాప్తు అధికారులు తర్వాత చెప్పారు. ప్రణీత్ రావు, అదనపు ఎస్పీలు భుజంగరావు, తిరుపతన్న, మాజీ డీసీపీ రాధాకిషన్ రావు అరెస్టయ్యారు. విభాగపు మాజీ అధిపతి ప్రభాకర్ రావును సైతం నిందితునిగా చేర్చారు. న్యాయస్థానం తేల్చేవరకు ఇవి ఆరోపణలే. ఎవరినీ దోషిగా ప్రకటించే అర్హత మనకు లేదు.

మాదాపూర్ కార్యాలయాలలో పనిచేస్తున్న మన పిల్లలను అడిగితే ఈ వ్యవహారపు తీవ్రత తెలుస్తుంది. అక్కడ ఒక ఫైలును తొలగించాలన్నా ఎవరు, ఎప్పుడు, ఎవరి అనుమతితో తొలగించారన్నది నమోదవుతుంది. ప్రభుత్వ నిఘా విషయంలోనూ చట్టం కోరేది ఇంచుమించు అదే. ఫోను సంభాషణ వినాలంటే సాధారణంగా హోం శాఖ కార్యదర్శి అనుమతి తప్పనిసరి అనీ, ఆ ఉత్తర్వులను సమీక్షా సంఘం పరిశీలించాలనీ సుప్రీంకోర్టు 1996లో నిర్దేశించింది. అవసరం తీరిన రికార్డులను నశింపజేయమని కూడా నిబంధనలు చెబుతాయి. కాబట్టి డిస్కులు పోవడం ఒక్కటే నేరానికి రుజువు కాదు. ఎవరి ఆజ్ఞతో పోయాయి, ఆ ఆజ్ఞ కాగితంపై ఉందా, కెమెరాలు ఎందుకు ఆగాయి? అసలు ప్రశ్నలు ఇవి.

ఇతరుల రహస్యాలను కూపీ లాగడాన్ని దివ్య ఖుర్‌ఆన్ హుజురాత్ సూరాలో నిషేధించింది. పాలకులకు మినహాయింపు ఉందా? హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి గోడ దూకి ఒక ఇంటిలోని మద్యపానాన్ని పట్టుకున్న కథనం ప్రసిద్ధం. నేను చేసింది ఒక తప్పు, మీరు కూపీ తీశారు, ద్వారం గుండా రాలేదు, సలాం చెప్పలేదు, మీవి మూడు తప్పులని ఆ గృహస్థుడు అన్నాడు. ఖలీఫా అతన్ని క్షమించి వెనుదిరిగారు.

మేము మదర్సాలో యూసుఫ్ సూరా బోధించేటప్పుడు విద్యార్థులు ఎక్కువగా ఆగే చోటు చొక్కా ప్రస్తావన. సోదరులు దొంగ రక్తం పూసి తెచ్చిన చొక్కా తయారుచేసిన సాక్ష్యం. అజీజ్ ఇంటిలో చిరిగిన చొక్కా నిజమైన సాక్ష్యం. ముందు చిరిగితే తప్పు యూసుఫ్ (అ)ది, వెనుక చిరిగితే ఆమెది అన్నవాడు ఎవరు? ఆమె సొంత బంధువర్గంలోని వ్యక్తే. ఇంటివారి పరువు కంటే చొక్కా చెప్పే నిజానికే అతడు విలువ ఇచ్చాడు. సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపిష్ఠిదని బఖరా సూరా చెప్పే మాట ఇక్కడ గుర్తుకు రావాలి. తన శాఖపైనే ఫిర్యాదు చేసే అధికారి ఎదుర్కొనేది కూడా ఇలాంటి బంధువర్గాన్నే. బహుశా అందుకే అలాంటివారు అరుదు.

కానీ ఆ సాక్ష్యం యూసుఫ్ (అ)ను కాపాడలేదు. చొక్కా వెనుక చిరిగిందని చూసిన తర్వాత కూడా పెద్దలు ఆయనను చెరసాలకే పంపారు. విషయం అణిగిపోవడమే వారికి కావలసింది. ఏళ్ల తర్వాత రాజు పిలిపించినప్పుడు ఆయన వెంటనే బయటికి రాలేదు. చేతులు కోసుకున్న ఆ స్త్రీల సంగతి ముందు విచారించమని దూతను తిప్పి పంపారు. రాజు విచారించాడు. అప్పుడు అజీజ్ భార్య తన నోటితోనే నిజం ఒప్పుకున్నది.