వైఫైలో పరాయివారు

వైఫై తరంగములు గోడలను లెక్కసేయవు. పాస్‌వర్డు తెలిసినచో పొరుగువారును వాడుకొనగలరు. వారొనర్చిన తప్పునకు విచారణ మొదట మన గుమ్మమునకే రావచ్చును.

రౌటరు దీపము మినుకుమనుటను బట్టి పరాయివారిని కనుగొనవచ్చునని కొందరందురు. అది నమ్మదగిన గురుతు కాదు. ఎవరును వాడకున్నను దీపము మెరయవచ్చును. రౌటరు అడుగున సాధారణముగా 192.168.1.1 వంటి చిరునామా ముద్రింపబడి యుండును. ఇంటి వైఫైతో కలిసిన ఫోనులో దానిని తెరచి, నిర్వాహకుని పాస్‌వర్డు నిచ్చినచో, కలిసియున్న సాధనముల పట్టిక కనబడును. తక్కిన ఫోనులను, టెలివిజనును, కెమెరాను ఒక్కొక్కటిగా ఆపి, కొంత తడవు తాళి, పట్టికను మరల చూడవలెను. చేతనున్న ఫోను గాక వేరొకటి మిగిలినచో అది పరాయిదై యుండును.

ఐనను క్రొత్త పేరు చూచినంతనే పొరుగువారిని శంకింపరాదు. 2020 నుండి ఐఫోనులును వైఫైకి మారు గుర్తును చూపుచున్నవి. నేనొకనాడు నా మనుమని ఫోనునే దొంగగా నెంచితిని! పాస్‌వర్డు మార్చినచో పరాయి సాధనము తొలగిపోవును. మనవాని కన్నింటికిని క్రొత్తది మరల నీయవలసి యుండును.