బుధగ్రహమున త్యాగరాజ బిలము

కాకర్ల వంశీయుడైన త్యాగరాజస్వామి 1767లో తిరువారూరున జన్మించి, 1847లో తిరువయ్యారున కావేరీ తీరమున సిద్ధి పొందినవాడే యైనను, తెలుగునేలమీద ఆయన శిష్యపరంపర కృష్ణాతీరమున బలముగా వేరూనినది. స్వామి శిష్యులు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారు. వారి శిష్యులు పెదకళ్లేపల్లి వాస్తవ్యులైన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. శాస్త్రిగారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. పంతులుగారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఎనిమిదేండ్ల ప్రాయమున బాలమురళి తొలి పూర్తి కచేరీ చేసినదియు విజయవాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవముననే. స్వామిని ఇంతగా తమవానినిగా చేసికొన్న ఈ సీమయందు, ఆయన పేరు భూమికి ఆవల మరియొక గ్రహముమీద నిలిచియున్నదని ఎరిగినవారు బహుస్వల్పము.

బుధగ్రహమున, భూమధ్యరేఖవంటి దాని నడిమిరేఖకు ఇంచుక ఉత్తరముగా, సుమారు 97 కిలోమీటర్ల వ్యాసముగల ఒక మహాబిలమునకు అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 1976లో త్యాగరాజ నామమును ఖాయపరచినది. విజయవాడనుండి మచిలీపట్టణము వరకు గల దూరమంతయు దానిలో ఇమిడి ఇంకను చోటు మిగులును. అంతకు ముందు 1974, 1975 సంవత్సరములలో మారినర్-10 అను అమెరికా నౌక మూడు పర్యాయములు బుధుని ప్రక్కగా సాగిపోవుచు, ఆ గ్రహముఖమున సగమునకు కొంచెము తక్కువ భాగమును ఛాయాచిత్రములలో పట్టి పంపగా, ఆ చిత్రములనిండ బిలములే కానవచ్చినవి. వానికి కవుల, గాయకుల, చిత్రకారుల, శిల్పుల పేర్లు పెట్టవలెనని ఖగోళ శాస్త్రజ్ఞులు నిర్ణయించుకొనిరి. ఆ విధముగా వాల్మీకి, వ్యాసుడు, కాళిదాసు, తాన్‌సేన్, బేతోవెన్, మొజార్ట్ ఉన్న గ్రహమున మన త్యాగయ్యయు చేరినాడు. పేరు పెట్టుటలో ఇంతటి ఔచిత్యము పాటించిన నిర్ణయములు విజ్ఞానశాస్త్ర చరిత్రలో తరచుగా కానరావని నా నమ్మకము.

ఇట్టి బిలములు ఎట్లు పుట్టును? అంతరిక్షమున తిరుగాడు శిల ఒకటి సెకనుకు పదుల కిలోమీటర్ల వేగముతో వచ్చి నేలను తాకిన క్షణమున, దాని గమనశక్తి యంతయు ఒక్కపెట్టున పీడనముగను ఉష్ణముగను మారిపోవును. శిల తానే చాలవరకు కరగి ఆవిరియైపోవగా, తాకినచోటినుండి బయలుదేరిన ఆఘాతతరంగము రాతిని చూర్ణము చేయుచు లోనికి వ్యాపించును. చితికిన రాయి గుంట నలువైపులకు విరజిమ్మబడి గట్టుగా పేరుకొనును. జరిగినది ప్రేలుడువంటిది కావుననే బిలము వచ్చిన శిలకంటె పది, ఇరువది రెట్లు పెద్దదగుచున్నది. శిల ఏటవాలుగా వచ్చి తాకినను, మిక్కిలి వాలుగా వచ్చినప్పుడు తప్ప, గుంట గుండ్రముగానే ఏర్పడుచున్నది. బుధుడు సూర్యునకు అతిసమీపమున నుండుటవలన సూర్యాకర్షణచే శిలల వేగము మరింత హెచ్చి, భూమిని తాకువానికంటె సగటున సుమారు రెట్టింపు వేగముతో అవి అతనిని తాకును. చిన్నబిలములు నున్నని పల్లములుగనే నిలిచిపోవును. పెద్దవానిలో మాత్రము గట్లు తమ బరువునకు తామే జారి మెట్లుమెట్లుగా క్రుంగును, అణగద్రొక్కబడిన అడుగుభాగము తిరిగి ఎగసి నడుమ శిఖరమై నిలుచును. త్యాగరాజ బిలము ఈ రెండవ కోవకు చెందినది.

మరి భూమిమీద ఇట్టివి ఏవి? చంద్రునివలెనే భూమియు కోట్లకొలది సంవత్సరములు ఈ శిలావర్షమును భరించినది. కాని భూమికి వానలు, నదులు, సముద్రములు, కదలు ఖండములు కలవు. కృష్ణాడెల్టా ఇందుకు చక్కని నిదర్శనము. సహ్యాద్రినుండి నది మోసికొనివచ్చిన ఒండ్రుమట్టి ఏటేట పరచుకొని, సముద్రమును వెనుకకు నెట్టి కట్టిన నేల యిది. దివిసీమ, బందరు ప్రాంతములు భూగోళ చరిత్రలో నిన్నమొన్నటివి. ఇచట ఒక శిల పడి బిలమేర్పడినను, కొన్ని వేల సంవత్సరముల వరదలు దానిని పూడ్చి, దానిమీద వరిచేలు సాగు చేయింపక మానవు. నీరున్నచోట నేలకు జ్ఞాపకము నిలువదు. అందువలననే భూమి యంతటను నిర్ధారితమైన ఉల్కాబిలములు సుమారు రెండువందలే. చంద్రునిమీద కిలోమీటరు దాటినవి లక్షలకొలదిగా నున్నవి.

కృష్ణ పుట్టిన మహాబలేశ్వరము ఏ దక్కను లావాపొరలమీద నున్నదో, ఆ పొరలలోనే మహారాష్ట్రమునందు బుల్ఢాణా జిల్లాలో లోనారు సరస్సు కలదు. సుమారు 1.8 కిలోమీటర్ల వ్యాసముగల ఆ గుండ్రని పల్లమును చిరకాలము అగ్నిపర్వతముఖమనియే పెక్కురు తలచిరి. చుట్టునున్నది లావారాయియే కావున ఆ తలపు సహజమే. ఆఘాతపీడనముచే గాజుగా మారిన ఖనిజము ఆ రాళ్లలో బయటపడి 1973లో ప్రకటింపబడుటతో సందేహము తీరినది. చంద్రుని నల్లని మైదానములును లావారాయియే యగుటచే, అచటి బిలములను పోల్చి చూచుటకు దేశదేశముల శాస్త్రజ్ఞులు లోనారుకు వచ్చుచున్నారు. మనకు ఇంత చేరువనున్న ఈ మహానిధిని మన పాఠశాలల విహారయాత్రలు ఎందుకు విస్మరించుచున్నవో నాకు బోధపడదు.

బిలముల పరిశీలన వట్టి కుతూహలము కాదు. గాలియు నీరును లేని నేలమీద బిలములు ఎంత దట్టముగా నున్న ఆ నేల అంత ప్రాచీనము. అపోలో యాత్రికులు తెచ్చిన చంద్రశిలల వయస్సును ప్రయోగశాలలలో కట్టి, ఆ లెక్కను బిలముల సంఖ్యతో సరిపోల్చుకొనుటవలన, మనుష్యుడు కాలుమోపని గ్రహముల నేలకు సైతము ఈడు చెప్పగలుగుచున్నారు.

ఇక త్యాగరాజ బిలముయొక్క అసలు విశేషము మారినర్ కంటికి అందినది కాదు. 2011 మార్చి 18న మెసెంజర్ నౌక బుధుని కక్ష్యలో ప్రవేశించి సూక్ష్మమైన చిత్రములు పంపనారంభించిన పిదప అది వెల్లడియైనది. ఆ బిలగర్భమున పెనముమీద కాలుచున్న అట్టునందలి చిల్లులవలె గుంపులు గుంపులుగా చిన్నగుంటలు కానవచ్చినవి. వానికి గట్లు లేవు. అడుగు సమతలము, లోతు స్వల్పము, ఆకారము క్రమరహితము. వర్ణములను హెచ్చించి చూపు చిత్రములలో అవి లేతనీలపు కాంతితో మెరయుచుండగా, బిలము నడుమ లోతైన గొయ్యి చుట్టును ఎర్రని ఛాయ పరచుకొనియున్నది. ఆ ఎరుపు పూర్వమెన్నడో అగ్నిపర్వత విస్ఫోటమున వెలువడిన పదార్థమని తలచుచున్నారు. గుంటల విషయమున ప్రబలమైన అభిప్రాయమేమనగా, శిలాఘాతము లోతునుండి పైకి తెచ్చిన రాతిలో సులభముగా ఆవిరియగు పదార్థములు కలవనియు, పగలు సుమారు 430 డిగ్రీల సెల్సియస్‌కు చేరు ఎండలో అవి ఎగిరిపోగా మిగిలిన రాయి కూలుచున్నదనియు. ఆ గుంటలమీద ఉల్కాపాతపు మచ్చలు దాదాపు లేకపోవుటచే అవి మిక్కిలి నూతనములనియు, బహుశః నేటికిని పెరుగుచున్నవనియు ఊహించుచున్నారు. మృతగ్రహమనుకొన్న బుధుడు ఇంకను మారుచున్నాడన్న సంగతిని లోకమునకు చాటిన ముఖ్యస్థలములలో మన వాగ్గేయకారుని పేరుగల బిలమొకటి. మెసెంజర్ 2015 ఏప్రిల్ 30న ఇంధనము తీరి బుధునిమీదనే కూలి, తానును ఒక చిన్న బిలమును చేసినది. ఐరోపా, జపాను దేశములు కలిసి 2018లో పంపిన బెపికొలంబో తరువాతి పరిశీలన చేయవలసియున్నది.

త్యాగరాజ బిలమును భూమినుండి ఏ చిన్న దూరదర్శినియు చూపజాలదు; చంద్రుని బిలములు మాత్రము సామాన్యమైన బైనాక్యులర్లకే కనబడును. పిల్లలకు చూపదలచినవారు పున్నమినాడు ప్రయత్నింపవలదు. నాడు సూర్యకాంతి నిటారుగా పడి నీడలు లేకపోవుటచే గట్లును గుంటలును తెలియవు. శుక్లపక్ష సప్తమి, అష్టముల సాయంసమయమున మేడమీద నిలిచి, చంద్రునియందు వెలుగును చీకటియు కలియు సరిహద్దున చూడుడు. అచట బిలముల గట్లు స్ఫుటముగా కానవచ్చును.