తేటనీళ్లలో చేపకి ఆకలి

మా కొండగెడ్డ నీళ్లు అద్దంలాగుంటాయి. తాగడానికి బాగుంటాయి. కాని చేపల చెరువు అలాగుంటే పిల్లలు ఎదగవు, పెట్టిన డబ్బు నీళ్లపాలే. నీటిలో నత్రజని, భాస్వరం ఉంటేనే కంటికానని పచ్చనాచు పుడుతుంది. నాచుని సన్నపురుగులు, పురుగుల్ని బొచ్చెచేప తింటాయి. అందుకే చెరువులో పశువుల గత్తం వేస్తారు. నీళ్లు పాడవుతాయని మా అమ్మ అంటుంది. తాగే చెరువుకైతే ఆ మాట నిజమే.

గాజుతొట్టెలో సముద్రపు పగడాలు పెంచేవాళ్లకీ ఇదే బాధట. పగడం ఒంట్లోనే నాచు కాపురముంటుంది. నీటిని మరీ శుభ్రం చేసేస్తే పగడం పాలిపోతుంది. అప్పుడు తొట్టెలో చేపలకి మేత కాస్త పెంచుతారు. చేపల రెట్టే అక్కడ గత్తం!

గత్తం చాలిందా లేదా? శ్రీముఖలింగం దగ్గర ఏ చెరువులోనైనా మనమే చూడొచ్చు. మోచేతి దాకా చెయ్యి ముంచి అరచెయ్యి చూడాలి. బాగా కనపడితే గత్తం తక్కువ. పచ్చగా, మసకగా కనపడితే సరి. మోచెయ్యి మునగకముందే మాయమైతే వెయ్యడం ఆపాలి. బురదనీళ్లలో ఈ పరీక్ష పనికిరాదు. నాచు మరీ ఎక్కువైతే రాత్రంతా ప్రాణవాయువు అదే వాడేసుకుంటుంది. తెల్లారగట్ల చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. వెంటనే కొత్తనీరు పెట్టాలి.