వ్రేలి కదలికకు హక్కుదారెవరు?

ఫోను తెరమీద నొక పొడవైన పట్టికను వ్రేలితో పైకి జరుపుచు పోయినచో తుదకది ముగియును. ముగిసిన పిమ్మటను జరిపితిరా, చివర నించుక ఖాళీ కనబడి, వ్రేలు తీసిన తోడనే పట్టిక రబ్బరుపట్టీవలె వెనుకకు వచ్చి కుదురుకొనును. యంత్రము చెడలేదు, పట్టికయే ముగిసినదని తెలుపుటకు చేసిన యేర్పాటిది. శ్రోతలలో ననేకులు దీనిని దినమునకు పదిమారులు చూచుచుందురు. ఇట్టివానికై రెండు మహాసంస్థలు ఏడేండ్లు వ్యాజ్యమాడినవనిన నమ్ముట కష్టము.

పేటెంటనగా నొక యొప్పందము. క్రొత్త సాధనమును కల్పించినవాడు దాని మర్మమును లోకమునకు వెల్లడించును. అందులకు ప్రతిగా, దానిని ఇతరులు వాడకుండ ఆపు హక్కును ప్రభుత్వ మతనికి కొంతకాల మిచ్చును. యంత్రమైనచో చేతితో తాకి, ఇదిగో నా కల్పన యని చూపవచ్చును. సాఫ్టువేరు అట్టిది కాదు. అది యంత్రమున కిచ్చు నాజ్ఞల వరుస. ఒకరి వ్రాతను కన్నెత్తి చూడకయే, వేరొకరు తమ సొంత యాజ్ఞలతో ఆ ఫలితమునే సాధింపవచ్చును. కాపీరైటు అట్టివానిని అడ్డగింపదు, పేటెంటు అడ్డగించును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

2011 ఏప్రిలులో అమెరికాలోని ఆపిల్ సంస్థ దక్షిణ కొరియాకు చెందిన శాంసంగ్‌పై కాలిఫోర్నియాలో వ్యాజ్యము వేసెను. అప్పట్లో ఆపిల్ ఫోనులలోని ముఖ్యమైన చిప్పులను చేసి యిచ్చుచుండినదియు నా శాంసంగే. అంగడిలో బేరము, కోర్టులో పోరు! 2012 ఆగస్టు 24న జూరీవారు, పైన చెప్పిన పట్టిక విధమును, మరి రెండు సాఫ్టువేరు పేటెంట్లను, ఫోను ఆకృతిని శాంసంగ్ అతిక్రమించినదని తేల్చి, సుమారు 105 కోట్ల డాలర్లు ఇయ్యవలెననిరి.

ఆ మొత్తము నిలువలేదు. ఇందుకొక వింత కారణము కలదు. పూర్వము అమెరికాలో తివాచీల నమూనాలను దొంగిలించినవారిపై వ్యాజ్యము వేయగా, నష్టపరిహారముగా 6 సెంట్లు మాత్రమే దక్కినవి. అంతట 1887లో, నమూనాను అపహరించినవాడు ఆ వస్తువుపై గడించిన లాభమంతయు ఇయ్యవలెనని చట్టము చేసిరి. తివాచీని అమ్మునది దానిమీది పూవులే గనుక అది న్యాయమే. ఫోనును కొనువాడు ముఖము మాత్రము చూచి కొనునా? వస్తువనగా ఫోనంతయు కానక్కరలేదు, అందొక భాగమైనను కావచ్చునని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2018 మేలో మరల విచారించిన జూరీ ఆకృతికి 53 కోట్ల 33 లక్షల డాలర్లును, సాఫ్టువేరు పేటెంట్లకు 53 లక్షలును కట్టిరి. లోకమంతయు సాఫ్టువేరు తగవని చెప్పుకొన్నదానిలో సాఫ్టువేరు పాలు నూరింట నొకటి! మరుసటి నెలలో ఉభయులు రాజీపడిరి; షరతులు బయటపెట్టలేదు.

తెరపై వ్రేలు జరిపి ఫోనును తెరచుట మరియొక వ్యాజ్యమునకు విషయమయ్యెను. స్వీడను దేశపు నియోనోడ్ ఫోను ఆపిల్ కంటె ముందే అట్లు తెరచుకొనుచుండెనని, 2012లో లండను న్యాయస్థానము ఆపిల్ పేటెంటును త్రోసివేసెను. 2015లో జర్మనీయు నట్లే చేసెను. అమెరికాలో మాత్రము, 2016లో అప్పీలు న్యాయస్థానము దానిని నిలిపి, ఇతర పేటెంట్లతో కలిపి శాంసంగ్ చెల్లింపవలసిన 11 కోట్ల 96 లక్షల డాలర్లను ఖాయపరచెను. అట్లు ఒక్క కదలికయే యొకచోట అందరి సొత్తు, వేరొకచోట నొకరి సొత్తు!

మన దేశపు 1970 పేటెంటు చట్టము, నేడున్న రూపమున, కేవలము కంప్యూటరు ప్రోగ్రామైనదానికి పేటెంటు లేదనుచున్నది. ఆ ‘కేవలము’ అను మాట యెంతవరకు వర్తించునో ప్రతి దరఖాస్తునందును తగవే. పేటెంటు హక్కు ఏ దేశమున కా దేశమునదే గనుక, హైదరాబాదులో నిర్భయముగా వ్రాసిన ప్రోగ్రామును అమెరికాలో అమ్మకమునకు పెట్టిన యువకుడు అచ్చటి పేటెంట్లకు లోబడియే యుండును. శాంసంగ్ ఏడేండ్లు వకీళ్లను పోషింపగలిగెను; అతనికి మొదటి నోటీసు రాకయే చాలును, ఆ ప్రోగ్రామును మానుకొనుటకు.