పాత పద్దులు, కొత్త సాఫ్ట్‌వేర్

వ్యాపారానికి కొత్త సాఫ్ట్‌వేర్ కొనడం సాధారణంగా డెమోతో మొదలవుతుంది. అమ్మేవారు చూపించే నమూనా దుకాణంలో నాలుగు సరుకులు, ఇద్దరు ఖాతాదారులు మాత్రమే ఉంటారు. కాబట్టి ప్రతి బిల్లూ చిటికెలో వచ్చేస్తుంది. నిజమైన దుకాణంలో ఉద్దర ఉంటుంది, తిరిగొచ్చిన సరుకు ఉంటుంది, సగం కట్టి మిగతాది పండక్కి ఇస్తాననే ఖాతాదారు ఉంటాడు. అందుకే పోయిన నెలలో గుమాస్తాను బాగా తికమకపెట్టిన పది పన్నెండు బిల్లులు తీసి, డెమోలో వాటినే ఎక్కించి చూపమనాలి. ఫీచర్ల జాబితా చెప్పని సంగతులు ఆ అరగంటలో బయటపడతాయి.

ఉదాహరణకు బియ్యం వ్యాపారం. 2022 జులై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల దాకా బియ్యం సంచికి 5 శాతం జీఎస్టీ పడుతోంది. అంతకుమించి బరువున్న సంచికి లేదు. మార్కెట్లోకి 26 కిలోల సంచులు రావడానికి కారణం అదే. మిల్లు ఒకటే, రకం ఒకటే, కానీ ఒక్క కిలో తేడాతో పన్ను మారిపోతుంది. సంచి విప్పి విడిగా తూచి అమ్మితే లెక్క మళ్లీ వేరు. సంచుల్లో కొని కిలోల్లో అమ్మే ఈ బేరాన్ని సాఫ్ట్‌వేర్ ఎలా రాసుకుంటుందో కొనకముందే చూడాలి.

రేట్లు మారినప్పుడు ఏమవుతుందన్నది మరో ప్రశ్న. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు చాలావరకు పోయాయి. ఒక్క రాత్రిలో వందల సరుకుల రేట్లు మారాయి. అయినా పాత రేటుకు అమ్మినది తర్వాత తిరిగొస్తే క్రెడిట్ నోటు పాత రేటుకే రాయాలి. సరుకుల రేట్లన్నీ గుంపుగా మార్చే వీలుందా, ఒక్కొక్కటీ చేత్తో దిద్దుకోవాలా? ఏడాదికి 5 కోట్ల రూపాయల టర్నోవరు దాటిన సంస్థలకైతే 2023 ఆగస్టు 1 నుంచి ఇతర వ్యాపారులకిచ్చే బిల్లులకు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. అది సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కు వెళ్లకపోతే చాకిరీ రెట్టింపు. కంపెనీగా నమోదైన వ్యాపారానికి ఇంకో నిబంధన ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పద్దులో ఎప్పుడు ఏం మార్చారో నమోదు చేసే, ఆ నమోదును ఆపడానికి వీల్లేని సాఫ్ట్‌వేరే వాడాలి. నిన్నటి బిల్లును సద్దుమణిగాక దిద్దుకునే అలవాటున్న చోట ఇది కొంత ఇబ్బందే.

ధర అంటే లైసెన్సు ధర ఒక్కటే కాదు. ఏటా కట్టే రెన్యువల్, రెండో కంప్యూటర్‌కు అదనం, ఫోన్ చేస్తే పలికే మనిషి, అన్నీ కలిపి మూడేళ్లకు లెక్కవేయాలి. రేపు ఈ సాఫ్ట్‌వేర్ మానేస్తే మన డేటా ఎక్సెల్ ఫైలుగానైనా చేతికి వస్తుందో లేదో ఇప్పుడే అడగాలి. పెళ్లిచూపుల్లో విడాకుల మాటలా ఉంటుంది కాబట్టి చాలామంది అడగరు.

ఉన్న సాఫ్ట్‌వేర్ సరిపోనప్పుడు రెండు దారులు: సాఫ్ట్‌వేర్‌ను మార్పించుకోవడం, పద్ధతిని మార్చుకోవడం. 1986లో బెంగళూరు వ్యాపారి శ్యామ్ సుందర్ గోయెంకా తన లెక్కలకు తగిన సాఫ్ట్‌వేర్ దొరక్క, కొడుకు భరత్ చేతే రాయించుకున్నారు. అదే టాలీ అయింది. అందరికీ ఆ అదృష్టం పట్టదు. జర్మనీ సూపర్‌మార్కెట్ల సంస్థ లిడిల్ 2011లో శాప్ సాఫ్ట్‌వేర్‌కు మారడం మొదలుపెట్టింది. ఆ సాఫ్ట్‌వేర్ సరుకు నిల్వను అమ్మకం ధరలో లెక్కిస్తుంది, లిడిల్‌ది కొనుగోలు ధర పద్ధతి. సంస్థ తన అలవాటు మార్చుకోలేదు, సాఫ్ట్‌వేర్‌నే తనకు తగ్గట్టు మార్పిస్తూ పోయింది. సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాక, 2018లో మొత్తం పని ఆపేసింది.

ఎంపిక అయ్యాక అసలు బరువు పాత లెక్కల మార్పిడిలో ఉంటుంది. ఇక్కడే ఎక్కువ వ్యాపారాలు తొందరపడతాయి. ఏళ్ల తరబడి రాసిన ఆవర్జాలో ఒకే ఖాతాదారు ఇంటిపేరుతో ఒకచోట, దుకాణం పేరుతో ఒకచోట, ఊరి పేరుతో మరోచోట ఉంటాడు. అతని బాకీ మూడు ముక్కలై ఉంటుంది. ఆ మూడింటినీ కలపగలిగేది అతన్ని ఎరిగిన పాత గుమాస్తా ఒక్కడే, కంప్యూటర్ కుర్రాడు కాదు. గోదాములో సరుకు లెక్కపెట్టి, బాకీలను ఖాతాదారులతో సరిచూసుకుని, ఆ తర్వాతే ప్రారంభ నిల్వలు ఎక్కించాలి. పాత చెత్తను అలాగే ఎక్కిస్తే అది కొత్త తెర మీద చక్కటి అక్షరాల్లో కనబడుతుంది, అంతే తేడా.

మార్పుకు ముహూర్తం కూడా ముఖ్యమే. ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్ 1 లెక్కలకు అనువైన రోజు. పండగ సీజను మాత్రం పనికిరాదు. అమెరికా చాక్లెట్ల సంస్థ హెర్షీ 11.2 కోట్ల డాలర్లు పెట్టి తెచ్చుకున్న కొత్త వ్యవస్థ 1999 ఏప్రిల్‌లో మొదలుకావాల్సింది. అది జులైకి జారింది. సరిగ్గా హాలోవీన్ పండగ ఆర్డర్లు ముంచెత్తే వేళ. గోదాముల్లో మిఠాయి ఉంది, దాన్ని దుకాణాలకు పంపే దారి సాఫ్ట్‌వేర్‌లో చిక్కుకుంది. దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు అందించలేకపోయింది. ఆ త్రైమాసికం లాభం 19 శాతం పడిపోయింది.

చిన్న దుకాణమైతే ఒక నెల రెండు పద్ధతులూ పక్కపక్కన నడపడం మేలు. రాత్రి గల్లాపెట్టెలోని డబ్బు, పాత చిట్టా, కొత్త తెర మూడూ కలవాలి. కలవని రోజున ఆ తేడా ఎక్కడిదో ఆ రాత్రే వెతకాలి, మర్నాటికి మాసిపోతుంది. రెండింతల పని కాబట్టి గుమాస్తాలు సణుగుతారు, అందులో తప్పు లేదు. వాళ్లకు శిక్షణ డెమో తెర మీద కాక దుకాణం సొంత బిల్లుల మీదే ఇవ్వాలి. ఇరవై ఏళ్లుగా చేత్తో రాస్తున్నవాడు ఒక్క మీట తప్పు నొక్కితే పరువు పోతుందని జంకుతాడు. అడిగితే చెప్పేవారు కొన్ని వారాలపాటు పక్కనే ఉండాలి. లేకపోతే అతను గుట్టుగా మళ్లీ పాత పుస్తకంలోనే రాసుకుంటాడు.

అన్నీ కుదురుకున్నాక పాత కంప్యూటర్‌ను పాతసామానుకు వేసేయకూడదు. జీఎస్టీ చట్టం ప్రకారం ఏ ఏడాది లెక్కలనైనా ఆ ఏటి వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. కంపెనీల పద్దులకైతే ఎనిమిదేళ్లు. అన్నాళ్లూ పాత సాఫ్ట్‌వేర్ తెరుచుకునేలా ఒక యంత్రమో, చదవగలిగే ఫైళ్లో, వాటి పాస్‌వర్డు తెలిసిన మనిషో ఉండాలి.