కబాడీకి వేసే ముందు ఒక్కసారి చూడండి: అరబీ నేర్చిన ‘సఖ్ర్’ కంప్యూటర్ కథ

గల్ఫ్ నుంచి సెలవు మీద ఇంటికొచ్చిన వాళ్ల పెట్టెల్లో ఒకప్పుడు టూ ఇన్ వన్, వీసీఆర్, వాక్‌మన్ ఉండేవి. అవి పాడైతే అటక మీదికి, అక్కడి నుంచి కబాడీ బండికి పోయేవి. అదే కాలంలో అరబ్బు ఇళ్లలో టీవీ పక్కన ఇంకో వస్తువు కూడా కనిపించేది. కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాలతో పాటు అలిఫ్, బే కూడా ముద్రించి ఉన్న చిన్న కంప్యూటర్. దాని పేరు సఖ్ర్. అరబీలో ఆ మాటకు రాయి అని అర్థం.

ఇప్పుడు పాత కంప్యూటర్లు సేకరించి, బాగుచేసి మళ్లీ నడిపించేవాళ్లు ఈ యంత్రం కోసం వెతుకుతున్నారు. అసలు ఇది ఎక్కడిది? దీన్ని బాగుచేయడం ఎందుకంత కష్టం? పార్టులు ఎక్కడ దొరుకుతాయి?

కువైట్‌లో పుట్టింది

కువైట్‌కు చెందిన వ్యాపారి మహమ్మద్ అల్ షారిఖ్ 1982లో సఖ్ర్‌ను మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కంప్యూటర్‌కు అరబీ రాదు. అరబీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఒకే అక్షరం మాట మొదట్లో ఒక రూపం, మధ్యలో ఇంకో రూపం, చివర్లో మరో రూపం తీసుకుంటుంది. ఉర్దూ చదివేవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. కానీ ఇంగ్లిష్ అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడం మాత్రమే తెలిసిన యంత్రానికి ఇది పెద్ద చిక్కు.

దీనికి దారి జపాన్ వైపు నుంచి దొరికింది. 1983 జూన్‌లో జపాన్‌లో ‘ఎంఎస్ఎక్స్’ అనే ప్రమాణాన్ని ప్రకటించారు. ఏ కంపెనీ తయారుచేసినా లోపల ఒకే రకం చిప్పులు, ఒకే రకం సాఫ్ట్‌వేర్ ఉండాలన్నది దాని ఉద్దేశం. సోనీ, పానాసోనిక్, యమహా, ఫిలిప్స్ లాంటి కంపెనీలు ఈ ప్రమాణంతో కంప్యూటర్లు తీశాయి. సఖ్ర్ అదే యంత్రానికి అరబీ నేర్పింది. అరబీ బేసిక్, పిల్లల కోసం అరబీ లోగో తెచ్చింది. 1980లలోనే ఖురాన్‌ను కంప్యూటర్ తెర మీదికి తెచ్చింది.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. ఆ దెబ్బతో సఖ్ర్ పని కైరోకు మారింది. తర్వాత కంపెనీ పూర్తిగా సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిపోయింది. అల్ షారిఖ్‌కు 2021లో కింగ్ ఫైసల్ అవార్డు వచ్చింది. 2024 మార్చిలో ఆయన కన్నుమూశారు. తయారీ ఆగి ఏళ్లు గడిచాయి కాబట్టి ఇక మిగిలింది ఇళ్లలో, గోదాముల్లో, చెత్తలో ఉన్న యంత్రాలే.

ఏ పార్టు దొరుకుతుంది, ఏది దొరకదు?

ఇక్కడ లెక్క కొంచెం విచిత్రంగా ఉంటుంది. కంప్యూటర్‌కు మెదడు లాంటి చిప్ దొరకడం కష్టమని, కీబోర్డు బటన్ దొరకడం తేలికని అనుకుంటాం. సఖ్ర్ విషయంలో తిరగబడింది.

దీని మెదడు జైలాగ్ కంపెనీ చిప్ జెడ్80. 1976 నుంచి కోట్లలో తయారైంది. కంప్యూటర్లలోనే కాదు, ఎన్నో రకాల యంత్రాల్లో వాడారు. 2024 ఏప్రిల్‌లో కంపెనీ ఈ పాత రకం చిప్ తయారీ ఆపేస్తున్నామని చెప్పి, చివరి ఆర్డర్లకు జూన్ 14 గడువు పెట్టింది. అయినా బయట ఉన్న సరుకు చాలా ఎక్కువ. ఇప్పట్లో కరువు రాదు.

బొమ్మను తెరకు పంపే చిప్ దగ్గర జాగ్రత్త పడాలి. చాలా తొలితరం ఎంఎస్ఎక్స్ యంత్రాల్లో ఇది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారీ. ఇందులో 9918ఏ అనేది అమెరికా, జపాన్ టీవీ పద్ధతికి, 9929ఏ అనేది పాల్ పద్ధతి టీవీలకు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ ఒకదాని చోట ఇంకోటి నేరుగా కూర్చోదు. నంబర్ చూడకుండా కొంటే డబ్బు పోయినట్టే. అసలు చిప్ దొరకనివాళ్ల కోసం ఇప్పుడు ఔత్సాహికులు కొత్త చిన్న బోర్డులు తయారుచేస్తున్నారు. అవి పాత చిప్ స్థానంలో కూర్చుని అదే పని చేస్తాయి.

అసలు కరువు రెండింటికి. ఒకటి అరబీ అక్షరాలు ముద్రించిన బటన్లు. జపాన్ యంత్రం నుంచి బటన్ పీకి పెట్టొచ్చు గానీ దాని మీద అలిఫ్ ఉండదు. రెండోది అరబీ ప్రోగ్రాం ఉన్న రామ్ కాదు, ‘రోమ్’ చిప్. చిప్ ఖాళీది ఎక్కడైనా దొరుకుతుంది, అందులో రాసి ఉన్న అరబీ దొరకదు. పైగా కొన్ని రకాల రోమ్ చిప్పుల్లో సమాచారం విద్యుత్ ఛార్జ్ రూపంలో ఉంటుంది. దశాబ్దాలు గడిచేకొద్దీ అది కారిపోయి, రాసింది చెరిగిపోయే ప్రమాదముంది. అందుకే తెలిసినవాళ్లు యంత్రం చేతికి రాగానే రోమ్‌ను చదివి కాపీ తీస్తారు. ఒకరు తీసిన కాపీ ఇంకో దేశంలో చచ్చిపోయిన యంత్రానికి ప్రాణం పోస్తుంది.

బాగుచేసే పద్ధతి

మొదటి నియమం: తెచ్చిన వెంటనే ప్లగ్ పెట్టి స్విచ్ వేయకూడదు. వెనక ఉన్న ప్లేటు చదవాలి. జపాన్‌లో కరెంటు 100 వోల్టులు. సౌదీలో ఒకప్పుడు 127 వోల్టులు ఉండేది. అలాంటి యంత్రాన్ని మన 230 వోల్టులకు పెడితే క్షణంలో పొగ వస్తుంది.

తర్వాత పవర్ సప్లై. అందులోని కెపాసిటర్లు వయసుతో ఎండిపోతాయి, కొన్ని కారతాయి. వాటిని మార్చి, బోర్డుకు కలపకముందే మల్టీమీటర్‌తో 5 వోల్టులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడాలి. ఎక్కువ వస్తే మెమరీ చిప్పులు వరసగా మాడిపోతాయి.

కొన్ని ఎంఎస్ఎక్స్2 మోడళ్లలో గడియారం కోసం చిన్న బ్యాటరీ ఉంటుంది. అది కారితే బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. నికెల్ కాడ్మియం బ్యాటరీ రసం క్షార గుణం ఉన్నది కాబట్టి, ముందు బ్యాటరీ తీసేసి, కొంచెం వెనిగర్‌తో తుడిచి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తారు. యంత్రం పనిచేయకపోయినా సరే, ఇంట్లో ఉన్నది ఏదైనా ముందు బ్యాటరీ తీసేయడం మంచిది.

పసుపు పచ్చబడిన ప్లాస్టిక్ మురికి వల్ల అలా కాదు. మంటలు అంటుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపిన బ్రోమిన్ రసాయనాల వల్ల ఎక్కువగా అలా అవుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. పాత టీవీ డబ్బాను మాత్రం ఇంట్లో ఎవరూ విప్పొద్దు. పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు స్విచ్ ఆపాక కూడా నిలిచి ఉండొచ్చు.

నకిలీ సరుకు

ఏ వస్తువు తయారీ ఆగిపోయి గిరాకీ మిగిలితే అక్కడికి మోసం వస్తుంది. చవక చిప్ పైభాగం గీకేసి, నల్ల రంగు వేసి, ఖరీదైన నంబర్ ముద్రిస్తారు. అసిటోన్ అద్దిన దూదితో రుద్దితే ఆ రంగు ఊడి రావొచ్చు. చిప్ మీద ఉండే నాలుగంకెలు కూడా చూడాలి. 8532 అంటే చాలా కంపెనీల లెక్కలో 1985వ సంవత్సరం 32వ వారం. ఎప్పుడో తయారీ ఆగిన చిప్ మీద నిన్నమొన్నటి తేదీ ఉంటే అనుమానించాల్సిందే.

కెపాసిటర్లు, ఐసీ బేస్‌లు, వైర్లు లాంటి మామూలు సరుకు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. అరుదైనవి మాత్రం చచ్చిపోయిన ఇంకో యంత్రం నుంచే రావాలి. అందుకే పనిచేయని పెట్టె కూడా సేకరించేవాళ్లకు విలువైనదే.

మన ఇంటి అటక సంగతి

అందరి ఇంట్లో సఖ్ర్ ఉండదు. కానీ అబ్బాజాన్ ఉర్దూలో టైప్ చేసుకున్న ఫ్లాపీలు, ఇన్‌పేజ్ ఫైళ్లున్న పాత హార్డ్ డిస్క్ ఉండొచ్చు. కంప్యూటర్ అమ్మేముందు అందులోని డిస్క్ తీసి పక్కన పెట్టండి. ఫ్లాపీలను అయస్కాంతానికి, తేమకు దూరంగా ఉంచి, యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌తో వీలైనంత త్వరగా కాపీ తీయండి. సోనీ 2011లోనే ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. మంచి డ్రైవులు కూడా ఏటేటా తగ్గిపోతున్నాయి.

పనికిరాని బోర్డును ఎవరికో కిలో లెక్కన ఇచ్చేస్తే, చాలాసార్లు అది యాసిడ్‌లో మునిగి, వైర్లు మంటల్లో కాలతాయి. ఆ పొగ పీల్చేది గల్లీల్లో పనిచేసే కుర్రాళ్లే. ముందు బాగవుతుందేమో అడగండి. కాకపోతే పార్టుల కోసం వెతికేవాళ్లకు ఇవ్వండి. అదీ కాకపోతే అనుమతి ఉన్న ఈ వేస్ట్ కేంద్రానికి పంపండి.