పాత ఆమ్నీకి ఇంజిన్ పని చేయించాలా, అమ్మేయాలా?



శిడ్లఘట్ట, చింతామణి పక్క పల్లెల్లో ఆకు తెచ్చేదీ, చాకీ పురుగులు తెచ్చేదీ, గూళ్లు మార్కెట్టుకు మోసేదీ చాలామందికి పాత ఆమ్నీయే. దీని తయారీ 2019లోనే ఆగిపోయింది. ఇప్పుడు మన దగ్గర ఉండేవన్నీ బాగా తిరిగిన బండ్లే.

మేము మూడు ఇండ్లవాళ్లం కలిసి వాడుకునే బండి 2 లక్షల కిలోమీటర్లు దాటింది. ఆయిల్ తాగుతా ఉంది, మిట్ట ఎక్కితే నీలం పొగ. మెకానిక్ చూడంగానే "ఇంజిన్ దించాల్సిందే" అన్నాడు. మాలో ఒక ఇంటివాళ్లు "అమ్మేద్దాం" అన్నారు. తేల్చుకునే ముందు ఇవి చూసుకున్నాం.

*పొగ*
పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే నీలం పొగ వచ్చి ఆగితే, జాస్తిగా అది వాల్వ్ సీళ్ల పని. దానికి ఇంజిన్ మొత్తం విప్పాల్సిన పని లేదు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తే రింగులు, బోరు అరిగినట్టు. తెల్ల పొగ ఆగకుండా వచ్చి, రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూపించాలి.

*కంప్రెషన్*
ప్లగ్గులు విప్పి, గేజ్ పెట్టి మూడు సిలిండర్లూ చూడమనండి. రీడింగులు దగ్గరదగ్గరగా ఉండాలి. తక్కువ వచ్చిన దాంట్లో చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే బోరు, రింగులు. పెరగకపోతే వాల్వులో, గ్యాస్కెట్టో. అప్పుడు హెడ్ పనితో సరిపోవచ్చు. మా బండికి రెండు సిలిండర్లలో పెరిగింది. అంటే బోరు పనే.

*బాడీ, కాగితాలు*
కింద తుప్పు తిన్న బండికి కొత్త బోరు వేసి లాభం లేదు. ఛాసిస్, గేర్‌బాక్స్ చూపించాం, గట్టిగానే ఉన్నాయి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత ఫిట్‌నెస్ ఉంటే 5 ఏళ్లకు రెన్యూవల్. మాది 2014 బండి, 2029 దాకా గడువు ఉంది.

*ఖర్చు*
లేథు పని, పిస్టన్లు, రింగులు, బేరింగులు, కూలి వేరువేరుగా కాగితం మీద రాయించుకున్నాం. ఇంకో పాత బండి కొన్నా దాని ఇంజిన్ లోపల ఎట్లుందో ఎవరికి తెలుసు?

*ఎప్పుడు*
నాలుగో జ్వరం లేచినాకనే పురుగు ఎక్కువ ఆకు తింటుంది. అప్పుడు బండి గ్యారేజీలో ఉండకూడదు. గూళ్లు కూడా మన కోసం ఆగవు. రంధ్రం పడితే దారానికి పనికిరావు. పంట అమ్మి, షెడ్డు కడిగి బ్లీచింగ్ వేసే రోజులే దీనికి సరైనవి.

చివరికి ముగ్గురమూ ఒప్పుకున్నది ఇది: ఈ పంట దిగినాక ఇంజిన్ దించుతాం, ఖర్చు మూడు భాగాలు. విప్పినాక క్రాంక్ కూడా పోయి, రాసుకున్న మొత్తం దాటితే అక్కడే ఆపి, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేస్తాం. హద్దు ముందే పెట్టుకుంటే గ్యారేజీలో నిలబడి గొడవ పడే పని ఉండదు.